చప్పుడు కావాలి, చెయ్యి వద్దు – 6వ భాగం



"డప్పు దరువు ఎవరి అబ్బ సొత్తూ కాదు కదా సార్, ఎవరు వాడుకుంటే ఏంటి?" అని పోయిన వారం భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు. మ్యూజిక్ ప్రొడక్షన్ నేర్చుకుంటున్న కుర్రాడు, మనవాడే. ఆ మాట వల్ల ఎవరికి లాభమో ఈ భాగంలో చూద్దాం.

ఇంకొకరి రికార్డులోంచి ఓ ముక్క కోసి, తిప్పి తిప్పి మన పాటలో వాడుకోవడాన్ని శాంపిలింగ్ అంటారు. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బ్యాండ్ 'ఆమెన్, బ్రదర్' అనే పాట రికార్డు చేసింది. మధ్యలో అందరూ ఆగిపోతారు, నల్లజాతి డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే ఆరేడు సెకన్లు వాయిస్తాడు. అంతే. ఆ ఆరేడు సెకన్ల మీద హిప్‌హాప్ పాటలు పుట్టాయి, బ్రిటన్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత ధోరణులే నిలబడ్డాయి. వేల పాటలు. కోల్‌మన్ మాత్రం 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు. 2015లో బ్రిటన్‌లో అభిమానులు చందాలు పోగుచేసి బ్యాండ్ లీడర్ రిచర్డ్ స్పెన్సర్‌కి 24,000 పౌండ్లు ఇచ్చారు. మంచి పనే. కానీ వాయించిన చెయ్యి మట్టిలో కలిసి అప్పటికే తొమ్మిదేళ్లు.

ఇది ఒక్కడి దురదృష్టం అనుకోకండి. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' (1970)లో దరువు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ది. లెక్కలేనన్ని ర్యాప్ పాటల కింద ఆ దరువే ఉంది. కానీ పాట హక్కులో ఆయన పేరు లేదు. చట్టం కంటికి వరస కనపడుతుంది, సాహిత్యం కనపడుతుంది, డబ్బు పెట్టినవాడు కనపడతాడు. కొట్టిన చెయ్యి కనపడదు.

ఇంకోటి వినండి. సోలమన్ దీవుల్లోని మలైటాలో అఫునాక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు రికార్డు చేశాడు. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచ్ జంట ఆ గొంతును కోసి బీట్ మీద పెట్టి 'స్వీట్ లలబీ' చేసింది. ప్రపంచమంతా మోగింది. ఆ తర్వాత ఒక నార్వే సాక్సోఫోన్ విద్వాంసుడు అదే వరసను వాయించి 'పిగ్మీ లలబీ' అని పేరు పెట్టాడు. పిగ్మీలు ఉండేది ఆఫ్రికాలో, అఫునాక్వాది పసిఫిక్ సముద్రంలో దీవి. నల్లటివాళ్లు ఎవరైతేనేం, అంతా అడివే కదా!

నవ్వకండి. 'ఫోక్', 'ట్రెడిషనల్', 'జానపదం' అని మన దగ్గర పాట కింద రాసేది కూడా ఇదే. నేను డాక్టరేట్ చేసిన తెలుగు శాఖల్లోనూ ఈ జబ్బు ఉంది. అట్ట మీద సేకర్త పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, పాడిన ముసలమ్మ 'ఒక వృద్ధురాలు' అయిపోతుంది. ఆమె అజ్ఞాత కవయిత్రి ఏమీ కాదు. పేరు అడగలేదు, అంతే.

ఇక మన ఊళ్లోకి రండి. మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి తండ్రి డప్పు కళాకారుడు. ఓ స్టూడియోవాళ్లు పిలిస్తే మరో ముగ్గురితో కలిసి వెళ్లి, డప్పులు మంటకు కాచుకుంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టాడు. దినకూలీ చేతిలో పెట్టారు. కాగితం లేదు, సంతకం లేదు. కొన్నాళ్లకు ఊరి పెళ్లి బరాత్‌లో డీజే బండి మీంచి తన దరువే తనకు వినపడింది. చిర్ర దెబ్బ ఒకటి వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది, అది ఆయన చేతి తీరు. ఎలా మర్చిపోతాడు? ఆ బరాత్‌కు డప్పులోళ్లను పిలవలేదు. డీజే ఉందిగా.

తమ్ముడూ, దీనికి మన భాషలో ఓ పాత పేరుంది. వెట్టి. చావుకు కొట్టు, జాతరకు కొట్టు, చాటింపు వెయ్యి, పెట్టింది తిను. 1928లోనే బాబాసాహెబ్ మహర్ వతన్‌ను రద్దు చేయాలని బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టింది ఈ రకం చాకిరీ మీదే. ఇప్పుడు మనిషిని వాకిట్లోకి రానివ్వకుండానే చప్పుడు ఒక్కటీ కోసుకుపోయే సౌకర్యం వచ్చింది. అంటు చెయ్యికే గాని చప్పుడుకు లేదన్నమాట.

"అయితే శాంపిలింగే నిషేధించాలా?" అంటారు. వద్దు. 1991లో అమెరికా కోర్టు ర్యాపర్ బిజ్ మార్కీ మీద తీర్పును దొంగతనం చేయవద్దన్న బైబిల్ ఆజ్ఞతో మొదలుపెట్టింది. ఆ తర్వాత అనుమతులు కొనగలిగిన పెద్ద కంపెనీలకే శాంపిలింగ్ అందుబాటులో మిగిలింది, బీద పిల్లల చేతిలోని పనిముట్టు పోయింది. వాయిద్యం కొనలేని నల్ల పిల్లలు పాత రికార్డులతో సంగీతం చేయడం, పారిస్ స్టూడియో ఒక దీవి స్త్రీ గొంతు తీసుకోవడం ఒకటి కావు. ఎవరు ఎవరి దగ్గర తీసుకుంటున్నారు, అడిగారా, పేరు రాశారా, వాటా ఇచ్చారా అన్నవే ప్రశ్నలు. పక్కవాడు కూడా పేదవాడే అయినంత మాత్రాన ఆ ప్రశ్నలు మాఫీ కావు. స్టబుల్‌ఫీల్డ్‌ను మరిచినవాళ్లలో నల్ల ప్రొడ్యూసర్లూ ఉన్నారు.

మన కాపీరైట్ చట్టంలో (1957) రికార్డింగుకు కర్త దాని నిర్మాతే. 2012 సవరణతో, వ్యాపారానికి వాడితే ప్రదర్శించిన కళాకారుడికీ రాయల్టీ హక్కు వచ్చింది. డప్పు కొట్టేవాడికి ఈ సంగతి చెప్పిన స్టూడియో ఒక్కటైనా ఉంటే నాకు చూపించండి.

చివరిగా మనవాళ్లకే. ఏటా ఏప్రిల్ 14కి బాబాసాహెబ్ మీద పాటలు విడుదల చేస్తున్నాం, సంతోషం. కింద వివరాల్లో రచన, సంగీతం, గానం, కెమెరా, ఎడిటింగ్, పోస్టర్, ఆఖరికి డ్రోన్ ఆపరేటర్ పేరూ ఉంటుంది. డప్పు దగ్గర 'డప్పు బృందం' అని ఉంటుంది, లేదా అదీ ఉండదు. ఆ నలుగురికీ ఫోన్ చేసి పేర్లు అడగండి. దరువు కోసి ఇంకో పాటలో వాడబోతుంటే ముందే చెప్పి, ఎంతిస్తారో కాగితం మీద రాసివ్వండి. పాత వీడియోల కింద పేర్లు ఇవాళే చేర్చొచ్చు, రెండు నిమిషాల పని.