తెలుపంతా ఉప్పు కాదు



సదర్మాట్ కాలువ కింద సేద్యం చేసే ఖానాపూర్ రైతులకు చౌడు కొత్త మాట కాదు. నీరు నిలిచి ఆరిన మడిలో తెల్లని పెచ్చు కడుతుంది.

అంగారక గ్రహం మీదా ఉప్పునేల ఉన్నది. 2006లో అక్కడ తిరుగుతున్న అమెరికా వారి ‘స్పిరిట్’ బండికి ముందు చక్రం ఒకటి బిగుసుకుపోయింది. ఈడ్చుకుపోతుంటే ఆ చక్రమే నాగలిలా నేలను చీల్చి, అడుగున ఉన్న తెల్లమట్టిని బయటపెట్టింది. ఒకచోట ఆ తెలుపు గంధకం కలిసిన ఉప్పు. 2007లో మరొకచోట చూస్తే నూటికి 90 పాళ్లు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే! కంటికి మాత్రం రెండూ తెలుపే.

మరి తేడా ఎలా తెలిసింది? నేల నుండి వెలువడే, మన కంటికి కనబడని కిరణాలను బండిలోని పరికరాలు ఇంద్రధనుస్సులా విడదీసి చూశాయి. ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క గుర్తు ఉంటుంది. దీనినే వర్ణపట పరిశీలన అంటారు. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించింది ఈ పద్ధతిలోనే.

మన చేలోనూ చూపు చాలదు. పాలచౌడైతే మంచినీరు పెట్టి, మురుగు బయటికి తీస్తే తగ్గుతుంది. కారుచౌడుకు జిప్సం కావాలి. కనుక ఖర్చు పెట్టకముందే గుప్పెడు మట్టిని పరీక్షకు పంపండి.