వెలిగిన చోటల్లా క్యాన్సర్ కాదు

'పెట్ స్కాన్‌లో రెండు చోట్ల వెలిగిందట.' బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక ఇంట్లో పుట్టిన ఈ మాట సాయంత్రానికల్లా బుధవారీ బజార్ చేరుతుంది. పరామర్శలు మొదలవుతాయి. విజయనగరం, శ్రీకాకుళాల నుంచి అయినవాళ్లు బిలాస్‌పూర్ రైలెక్కుతారు. ఆ ఇంటి పెద్దాయన మాట విన్న రోజే సగం చచ్చిపోతాడు. ముక్క తీసి పరీక్షకు పంపారా అని మాత్రం ఎవరూ అడగరు. నన్ను కలవరపెడుతున్నది ఇదే.

ఆ వెలుగు అసలేమిటి? రోగికి ఎక్కించే మందును ఎఫ్‌డీజీ అంటారు. గ్లూకోజ్‌ను పోలిన అణువుకు ఫ్లోరిన్-18 తగిలించి దాన్ని తయారుచేస్తారు. కణాలు దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి తీసుకుంటాయి. కానీ పూర్తిగా అరిగించుకోలేవు, మందు అక్కడే చిక్కుకుపోతుంది. ఫ్లోరిన్ నుంచి పాజిట్రాన్ వెలువడుతుంది. కార్ల్ ఆండర్సన్ 1932లో కాస్మిక్ కిరణాల్లో కనిపెట్టిన కణమిది: బరువులో ఎలక్ట్రాన్‌కు సమానం, ఆవేశంలో దానికి విరుద్ధం. అది ఎంతో దూరం పోకముందే ఒక ఎలక్ట్రాన్‌ను కలుస్తుంది. రెండూ నశించి, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. రోగి చుట్టూ ఉన్న వలయం ఆ జంటను ఒకేసారి పట్టుకుని, అవి ఎక్కడ పుట్టాయో లెక్క కడుతుంది.

క్యాన్సర్ కణాలకు గ్లూకోజ్ ఆకలి విపరీతమని ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తొలిసారి మనిషికి ఎఫ్‌డీజీ ఇచ్చారు.

అంటే యంత్రం చూపేది చక్కెర ఎక్కడికి పోతోందన్నది. అది క్యాన్సర్ అని యంత్రం చెప్పదు. మెదడు ఆరోగ్యంగా ఉన్నా వెలుగుతుంది. మందు మూత్రంలో పోతుంది కాబట్టి మూత్రాశయమూ వెలుగుతుంది. ఇక మన దేశంలో అన్నిటికన్నా పెద్ద చిక్కు క్షయ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మనవాళ్లే. టీబీ గడ్డ దగ్గర చేరి పోరాడే రక్షక కణాలు కూడా చక్కెరను బాగా వాడుకుంటాయి. ఛాతీలో ఉబ్బిన లింఫ్ గ్రంథి వెలిగితే అది పాకిన క్యాన్సరో, ఆరు నెలల మందులతో నయమయ్యే టీబీయో బొమ్మ ఒక్కటే చూసి తేల్చలేం. బయాప్సీ, అంటే ముక్క పరీక్ష, తేల్చాలి. ఇంకో వైపు, మెల్లగా పెరిగే కొన్ని ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎఫ్‌డీజీకి సరిగ్గా వెలగవు. వెలగలేదని ధీమా పడటమూ తప్పే.

మనలాంటి ఊళ్లకు మరో కష్టం. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. మందును రాయ్‌పూర్ నుంచి తెప్పించుకుందామన్నా, అది బిలాస్‌పూర్‌కు రైల్లో సుమారు 110 కిలోమీటర్లు. దారిలో ఒక గంట ఆలస్యమైనా మందులో మూడో వంతు దాకా కరిగిపోతుంది. ఈ మందు తయారీకి సైక్లోట్రాన్ అనే యాక్సిలరేటర్ యంత్రం కావాలి. మన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో యాక్సిలరేటర్ కేంద్రం ఉంది, అయితే అది పరిశోధన కోసం. గాలియం-68 సంగతి వేరు. దాన్ని ఆస్పత్రిలోనే పెట్టుకునే జెనరేటర్ నుంచి పిండుకోవచ్చు, సైక్లోట్రాన్ అక్కర్లేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే పీఎస్‌ఎంఏ స్కాన్‌లో అది పనికొస్తుంది. చిన్న నగరాల ఆస్పత్రులు ముందు ఈ దారి చూడాలని నా అభిప్రాయం.

చక్కెర మీద ఆధారపడని పద్ధతి కోసం పోలండ్‌లో వెతుకుతున్నారు. క్రాకో నగరంలోని యాగెలోనియన్ విశ్వవిద్యాలయంలో పావెల్ మోస్కల్ బృందం, పాజిట్రాన్, ఎలక్ట్రాన్ నశించే ముందు కాసేపు జంటగా బతికే పాజిట్రోనియం ఆయుష్షును కొలుస్తోంది. కణజాలంలో అది సెకనులో వంద కోట్లో వంతుల లెక్క. అణువుల మధ్య ఖాళీని బట్టి, ఆక్సిజన్‌ను బట్టి అది మారుతుంది. 2024లో వాళ్లు ప్రచురించిన తొలి మానవ చిత్రంలో, మెదడు కణితిలో ఆ ఆయుష్షు ఆరోగ్యకరమైన భాగంకన్నా తక్కువగా కనిపించింది. అది ఒకే ఒక్క రోగి సంగతి. ఈ పద్ధతి మన ఆస్పత్రి గుమ్మం తొక్కడానికి ఏళ్లు పడుతుంది. అయినా చక్కెర కాదు, కణజాలం స్వభావమే మాట్లాడే రోజు రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అందాకా ఉన్న స్కాన్‌నైనా సరిగ్గా చేయించుకుందాం. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. ముందురోజు బరువులు మోయకూడదు. షుగర్ మందుల సంగతి స్కాన్ కేంద్రాన్ని ముందే అడగాలి. చలి తగలకూడదు: జనవరి తెల్లవారుజామున స్లీపర్ బోగీలో వణుకుతూ వెళ్తే మెడ, భుజాల దగ్గరి గోధుమరంగు కొవ్వు వెలిగి డాక్టర్‌ను తికమకపెడుతుంది. శాలువా తప్పనిసరి.

రైల్వే సెంట్రల్ హాస్పిటల్ పెద్దలకు నా విన్నపం: రెఫరల్ కాగితంతో పాటు ఈ జాగ్రత్తలను హిందీలో, తెలుగులో ఒక పేజీకి అచ్చువేసి ఇవ్వండి. పాఠకులకు మరో మాట. మీ ఇంట్లో ఎవరికైనా రిపోర్టులో చుక్క వెలిగిందంటే, కబురు చుట్టాలకు చేరవేసే ముందు డాక్టర్‌ను అడగండి: 'ముక్క పరీక్ష ఎప్పుడు చేస్తారు సార్? టీబీ కాదని తేల్చారా?'