కలరా ఉండ చెప్పే లెక్క

బట్టల పెట్టెలో వేసే కలరా ఉండకూ కలకత్తా బౌబజార్ వీధికీ ఓ చుట్టరికం ఉంది. ఆ వీధిలోని 210వ నంబరు భవనంలో ఉండేది ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. 1876లో మహేంద్రలాల్ సర్కార్ నెలకొల్పిన సంస్థ అది. అక్కడ సి.వి.రామన్ వద్ద పనిచేసిన కేదారేశ్వర్ బెనర్జీ, కలరా ఉండలోని నాఫ్తలీన్‌లో పరమాణువుల అమరికను 1930లో వివరించారు.

ఇలాంటి పరిశోధనకు మొదటి మెట్టు హైస్కూలు స్థాయి లెక్కే. స్ఫటికమంటే ఒకే కొలత గల చిన్న పెట్టెలను వరసగా పేర్చిన గోడ. ఆ పెట్టె పేరు యూనిట్ సెల్. దాని కొలతలను ఎక్స్‌రేలు చెబుతాయి. నాఫ్తలీన్ పెట్టె ఘనపరిమాణం సుమారు 360 ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌లు. అణుభారం 128. పెట్టెలోని అణువుల బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. అణుభారాన్ని గ్రాముల్లోకి మార్చడానికి అవగాడ్రో సంఖ్య తోడవుతుంది.

పెట్టెలో ఒకే అణువు ఉందనుకుంటే సాంద్రత 0.59. అదే నిజమైతే కలరా ఉండ నీటిపై తేలాలి. కానీ మునుగుతుంది. నాలుగనుకుంటే 2.36, మరీ ఎక్కువ. రెండనుకుంటే 1.18. ప్రయోగశాలలో కొలిస్తే వచ్చేది దాదాపు 1.15. కనుక అణువులు రెండే. అసలు స్ఫటికాల్లో సన్నటి ఖాళీలు, లోపాలు ఉంటాయి కాబట్టి కొలిచిన విలువ సాధారణంగా కాస్త తగ్గుతుంది. తేడా భారీగా ఉంటే మాత్రం ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

అయితే ఈ లెక్క అణువులెన్నో చెబుతుంది గానీ అవి ఎలా కూర్చున్నాయో చెప్పదు. అందుకు ఎక్స్‌రే ఫొటోలో నమోదు కాని ప్లస్, మైనస్ గుర్తులను రాబట్టాలి. చుక్కల తీవ్రతల నుంచే వాటిని తేల్చే మార్గాన్ని బెనర్జీ 1933లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రతిపాదించారు. ‘డైరెక్ట్ మెథడ్స్’ దిశగా పడిన తొలి అడుగుల్లో అదొకటి. ఆ పద్ధతులను పూర్తి స్థాయిలో అభివృద్ధి చేసిన అమెరికన్లు హెర్బర్ట్ హాప్ట్‌మన్, జెరోమ్ కార్ల్‌లకు 1985లో నోబెల్ దక్కింది. బెనర్జీ అప్పటికి పదేళ్ల క్రితమే, 1975లో కన్నుమూశారు.

బౌబజార్ పేరు చెబితే రామన్ గుర్తుకొస్తారు. అక్కడే పనిచేసిన బెనర్జీ పేరు పాఠ్యపుస్తకాల్లో వెతుక్కోవాలి. సాంద్రత లెక్క నేర్పే పాఠంలో ఆయనకు ఒక్క వాక్యం కేటాయిస్తే పోయేదేముంది?