దిద్దుబాటు ఎవరి పని? – పరిశోధకుల ఆంగ్ల రచనలో దోష పరిష్కరణ

‘తప్పు పట్టడం’, ‘తప్పు దిద్దడం’ – ఈ రెండు పలుకుబళ్లను తెలుగువారు ఎన్నడూ ఒకే అర్థంలో వాడలేదు. తప్పు పట్టడానికి ఎదుటివాడి మాట ఒక్కటి చాలు. దిద్దడానికి అతడు ఏమి చెప్పదలచుకున్నాడో కూడా తెలియాలి. ఓనమాలు దిద్దే పిల్లవాడి విషయంలో ఈ మాటకు మరో అర్థం ఉంది: తన చేతితో తాను చేసి నేర్చుకోవడం. ప్రాథమిక దశ దాటిన ఆంగ్ల అభ్యాసకులకు మన ఉన్నత విద్యలో దోష పరిష్కరణ పేరిట అందుతున్న శిక్షణ చాలావరకు తప్పు పట్టడానికే పరిమితమైంది. దిద్దే పనిని రుసుము తీసుకునే ఇతరులకో, యంత్రానికో అప్పగిస్తున్నాం. ఈ రెండు పద్ధతులూ పరిశోధకునికి హాని చేస్తున్నాయనీ, దోష పరిష్కరణ పరిశోధనలో అంతర్భాగమనీ, దాన్ని అభ్యాసకుడు తన సమగ్ర రచన మీద తానే చేయాలనీ, అందుకు కావలసిన విద్య తెలుగు విభాగాల్లోనే ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఇది ఆంగ్ల విభాగం చూసుకోవలసిన సంగతి కదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుగు పరిశోధకులు ఆంగ్లంలో రాయకుండా ఉండే రోజులు పోయాయి. జాతీయ సదస్సుకు పత్రం, సిద్ధాంత గ్రంథానికి ఆంగ్ల సంగ్రహం, ఇతర భాషల పండితులకు మన సాహిత్యాన్ని పరిచయం చేసే వ్యాసం – ఇవన్నీ మనమే రాయాలి. వాటిలో దోషం దొర్లితే నష్టపోయేది తెలుగు సాహిత్యాన్ని గురించిన జ్ఞానం.

ఒక అనుభవం

రెండేళ్ల కిందట ఒక సదస్సు కోసం కావ్య ప్రతులను గురించి ఆంగ్లంలో పత్రం రాశాను. నా ఆంగ్లం మీద నమ్మకం లేక, రుసుము తీసుకొని భాష సవరించే ఒకరికి పంపాను. తిరిగి వచ్చిన ప్రతి చూడముచ్చటగా ఉంది. నేను తడబడిన ఆర్టికల్స్ అన్నీ కుదురుకున్నాయి. సంతోషించి, మళ్లీ చదవకుండానే వేదిక మీదికి తీసుకువెళ్లాను.

పరంపరగా అంగీకృతమైన పాఠం అనే అర్థంలో నేను ‘రిసీవ్డ్ టెక్స్ట్’ అన్నాను. అది పాఠ పరిష్కరణ శాస్త్రంలో పారిభాషిక పదం. సవరించినవారు దాన్ని ‘ది టెక్స్ట్ వి రిసీవ్డ్’ అని మార్చారు. తరాల పరంపర నుంచి వచ్చిన పాఠం తపాలాలో అందిన పాఠమైంది. అంతకన్న పెద్ద మార్పు మరొకటి ఉంది. ఒక పద్యం ప్రక్షిప్తమై ఉండవచ్చు అనే ఊహను నేను ‘మే హావ్ బీన్’ అని సూచించాను. వాక్యం సూటిగా ఉండాలని కాబోలు, దాని స్థానంలో ‘వాజ్’ వచ్చింది. ఊహ నిర్ధారణగా మారింది. ప్రసంగం ముగిశాక ఒక పెద్దలు లేచి, ‘ఈ పద్యం ప్రక్షిప్తమని ఏ ఆధారంతో నిర్ణయించారు?’ అని అడిగారు. నా దగ్గర ఆధారం లేదు. ఆ నిర్ణయం నేను చేయలేదు. కాని పత్రం మీద నా పేరుంది.

సవరించినవారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఆయన వ్యాకరణరీత్యా ఒక్క తప్పూ చేయలేదు. ‘మే హావ్ బీన్’ సరైనదే, ‘వాజ్’ కూడా సరైనదే. ఆ రెండింటిలో ఏది ఉండాలో వ్యాకరణం చెప్పదు, ప్రతులు చెప్పాలి. ప్రతులను చూసింది నేను. చూసినవాడు దిద్దకుండా, చూడనివాడు దిద్దడమే ఇక్కడి లోపం.

నాలుగు ముక్కల వాక్యం

నా తరం పట్టభద్రులకు దోష పరిష్కరణ అనగానే గుర్తుకు వచ్చేది పోటీ పరీక్ష. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షల్లోనూ, బ్యాంకు ఉద్యోగాల పరీక్షల్లోనూ ఒక ఆంగ్ల వాక్యాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కలో దోషముందో గుర్తించమంటారు. ‘దోషం లేదు’ అనేది చివరి ఎంపిక. లక్షలమంది నుంచి కొద్దిమందిని ఏరడానికి ఇది సులువైన సాధనం కావచ్చు. దానితో నాకు పేచీ లేదు. ఏరడానికి పుట్టిన సాధనం నేర్పే పద్ధతిగా మారి, తరగతి గదిలోకి వచ్చి కూర్చోవడంతోనే నా పేచీ.

ఈ అభ్యాసంలో వాక్యం మరొకరిది. అది ఎందుకు రాశారో, దాని ముందు ఏముందో, తరవాత ఏముందో తెలియదు. దోషం ఉంటే ఒక్కటే ఉంటుందని ముందే చెబుతారు. చాలా ప్రశ్నల్లో సవరించమని కూడా అడగరు, గుర్తిస్తే చాలు. సొంత రచనను పరిష్కరించేవాడి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. పది పుటల్లో దోషం ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో, అసలు ఉందో లేదో ఎవరూ చెప్పరు. పైగా రాసినవాడికి తాను చెప్పదలచినది తెలుసు గనుక, కాగితం మీద లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

పైస్థాయి అభ్యాసకుల దోషాల్లో చాలావాటిని ఒంటరి వాక్యంలో పట్టుకోవడం సాధ్యం కాదు. ‘ఎ మాన్యుస్క్రిప్ట్’ అనాలా, ‘ది మాన్యుస్క్రిప్ట్’ అనాలా అన్నది ఉదాహరణగా తీసుకుందాం. వాక్యాన్ని విడిగా చూస్తే రెండూ ఒప్పే. ఆ తాళపత్ర ప్రతిని గురించి పాఠకునికి ముందే చెప్పామా లేదా అన్నదే నిర్ణాయకం. దాన్ని తెలుసుకోవాలంటే వెనకటి పేరా చదవాలి. ఒకచోట ‘వ్యాఖ్య’కు వాడిన ఆంగ్ల పదాన్నే మరొకచోట ‘టీక’కూ వాడి రెండింటి భేదాన్ని చెరిపివేయడం, పూర్వ విమర్శకుని అభిప్రాయం ఎక్కడ ముగిసి మన అభిప్రాయం ఎక్కడ మొదలైందో తెలియకుండా రాయడం – ఇవి కూడా ఇటువంటివే. నాలుగు ముక్కల వాక్యంతో వేయిసార్లు అభ్యాసం చేసినా వీటిలో ఒక్కటీ పట్టుబడదు.

ఈ అభ్యాసం మరొక కీడు చేస్తుంది. అది నియమం లేనిచోట నియమాన్ని కల్పిస్తుంది. ఇద్దరి విషయంలో ‘ఈచ్ అదర్’, అంతకుమించితే ‘వన్ అనదర్’ అనాలని పోటీ పరీక్షల మార్గదర్శకాలు బోధిస్తాయి. ఈ భేదానికి ప్రయోజనమూ లేదు, చారిత్రక ప్రయోగాల ఆధారమూ లేదని ఫౌలర్ 1926లోనే తేల్చాడు. ఆంగ్ల గద్యంలో నిజంగా ఏముందో చూడకుండా, గైడులో ఏముందో కంఠస్థం చేసినవాడు తన రచనలోని ఒప్పును కూడా తప్పుగా దిద్దుతాడు.

ఈ జబ్బు తెలుగువారికి కొత్త కాదు. గ్రాంథిక నియమాలను ఇతరుల మీద రుద్దిన పండితులు తమ రచనల్లోనే వాటిని ఎలా ఉల్లంఘించారో గిడుగు రామమూర్తి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో సోదాహరణంగా చూపారు. 1981లో అమెరికాలో జోసెఫ్ విలియమ్స్ దోషాల మీద రాసిన ఒక వ్యాసంలో కావాలనే వంద వరకు ‘దోషాలు’ చొప్పించి, ఆ సంగతి చివరలో బయటపెట్టాడు. విద్యార్థుల వ్యాసాల్లో వెదికి పట్టే తప్పులను అచ్చయిన పండిత రచనలో పాఠకులు గమనించరని ఆయన వాదం. తప్పు కోసం చదివినప్పుడు ఒక తీరుగా, అర్థం కోసం చదివినప్పుడు మరో తీరుగా చదువుతాం. మన విద్యార్థులకు మొదటి తీరు మాత్రమే నేర్పి, పరిశోధనలో రెండవది ఆశిస్తున్నాం.

రెండు ఆక్షేపణలు

దోషాలు దిద్దడం వల్ల అభ్యాసకుల రచన మెరుగుపడదని, పైగా హాని జరుగుతుందని 1996లో జాన్ ట్రస్కాట్ వాదించాడు. రచనా బోధన నుంచి వ్యాకరణ సవరణను తొలగించాలనేంతవరకు ఆయన వెళ్లాడు. 1999లో డానా ఫెరిస్ దానికి బదులిస్తూ, సవరణ ఎటువంటిది, ఎలా చేశారు అన్నది చూడకుండా మొత్తాన్ని తోసిపుచ్చరాదన్నది. ఈ వివాదంలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటే. అక్కడ చర్చకు వచ్చింది ప్రధానంగా ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో చేసే సవరణ. ఎర్రసిరా నిష్ఫలమని ఒప్పుకున్నా, రచయిత చేసుకునే పరిష్కరణ నిష్ఫలమని తేలదు. భాష తెలిసీ పొరపాటున జారిన తప్పునూ, ఆ నియమం ఇంకా పట్టుబడనందువల్ల వచ్చే దోషాన్నీ ఎస్. పి. కార్డర్ 1967లోనే వేరు చేశాడు. మొదటి రకాన్ని రచయిత తానే సవరించుకోగలడు. పైస్థాయి అభ్యాసకునికి అటువంటివి తక్కువేమీ కావు. తన రచనను గట్టిగా చదివే విద్యార్థి, కాగితం మీది తప్పును తనకు తెలియకుండానే ఒప్పుగా పలకడాన్ని డేవిడ్ బార్తొలొమే 1980లో వివరించాడు. ఒప్పు అతని నోట ఉంది, కాగితం మీదికి రావాలి. అతనికి కావలసింది ఇతరుల సవరణ కాదు, తన కాగితాన్ని తాను చూసే అలవాటు.

యంత్రం ఉండగా ఇంత శ్రమ ఎందుకన్నది రెండవ ఆక్షేపణ. వర్ణక్రమ దోషాలనూ, కర్తృ క్రియల పొత్తు కుదరనిచోట్లనూ యంత్రం మనకన్న వేగంగా పట్టుకుంటుంది. దాన్ని వాడుకోవలసిందే. అయితే అది సూచించిన రూపం మనకు ఒక పాఠాంతరం వంటిది. ప్రతిలో కనిపించిన ప్రతి పాఠాంతరాన్నీ మూలంలోకి ఎక్కించే పరిష్కర్తను మనం గౌరవిస్తామా? ‘మే హావ్ బీన్’ను ‘వాజ్’గా మార్చమని సలహా ఇచ్చేది మనిషైనా యంత్రమైనా, అంగీకరించే ముందు కారణం అడగవలసినవాడు రచయితే.

మన దగ్గరున్న విద్య

కారణం లేకుండా పాఠం మార్చరాదు. మార్చినచోట ఆ సంగతి చెప్పాలి. సులభంగా ఉందనే కారణంతో ఒక పాఠాన్ని స్వీకరించరాదు – ఇవి కావ్య పరిష్కరణలో మనం మొదట నేర్చుకునే నియమాలు. లేఖక ప్రమాదాన్నీ కవి ప్రయోగాన్నీ వేరు చేయడం మన శాస్త్రంలో నిత్యకృత్యం. ఇతరుల కావ్యాల విషయంలో ఇంత నిష్ఠ పాటించే మనం, సొంత ఆంగ్ల పత్రాన్ని ఎవరి చేతిలోనో పెట్టి తిరిగి చూడకపోవడం వింత.

సమగ్ర పాఠం మీద పనిచేసిన పరభాషాభ్యాసకుని ఉదాహరణ కూడా మనకుంది. సి. పి. బ్రౌన్ తెలుగును వయసు వచ్చాక నేర్చుకున్నవాడు. కడపలో పండితులను కూర్చోబెట్టుకొని, ప్రతులను సేకరించి, పోల్చి, పాఠాలు నిర్ణయించాడు. 1829లో అచ్చయిన వేమన పద్యాల వెనుక ఆ శ్రమ ఉంది. పండితుల సాయం ఆయన పుష్కలంగా తీసుకున్నాడు, పని మాత్రం వారికి వదిలి వెళ్లిపోలేదు. సాయం తీసుకోవడానికీ, బాధ్యత వదిలించుకోవడానికీ మధ్య ఉన్న గీత అది.

తెలుగు విభాగానికి ఉన్న రెండవ అర్హత తెలుగు వాక్య నిర్మాణ జ్ఞానం. మన ఆంగ్ల దోషాల్లో చాలావాటి మూలం అక్కడుంది. ‘ప్రతులను పోల్చి’, ‘పాఠాలను పరిశీలించి’ అంటూ క్త్వార్థకాలను గుదిగుచ్చడం మనకు సహజం. వాటికీ సమాపక క్రియకూ సాధారణంగా కర్త ఒక్కటే అయినా, ‘వానలు కురిసి పంటలు పండాయి’ వంటి వాక్యాల్లో తెలుగు భిన్నకర్తలను సహిస్తుంది. ఆ అలవాటుతోనే ఆంగ్లంలో ‘కంపేరింగ్ ది మాన్యుస్క్రిప్ట్స్, ది వర్స్ ఈజ్ లేట్’ అని రాస్తాం. పద్యమే కూర్చొని ప్రతులను పోల్చినట్టవుతుంది. తెలుగులో ‘అని’ ఒక్కటే పరాభిప్రాయాన్ని ముగించి చూపుతుంది. ఆంగ్లంలో ఆ అభిప్రాయం ఎవరిదో ప్రతి మలుపులోనూ గుర్తు చేయాలి. మనం చేయం. ‘గురించి చర్చించడం’ కాస్తా ‘డిస్కస్ అబౌట్’ అవుతుంది. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ వెలువడిన 1975 నుంచి మన వాక్య నిర్మాణాన్ని శాస్త్రీయంగా చర్చించుకుంటున్నాం. ఆ చర్చను ఈ దోషాల వివరణకు వినియోగించుకోగలిగేది తెలుగు వ్యాకరణం తెలిసినవారే.

ఆచరణకు సంబంధించి నా ప్రతిపాదనలు పరిమితమైనవి. పరిశోధనకు ముందు జరిగే పాఠ్య కార్యక్రమంలో, బహుళైచ్ఛిక ప్రశ్నల బదులు, ప్రతి పరిశోధకుడూ తన ఆంగ్ల పత్రం ఒకదాన్ని తొలిప్రతి, మలిప్రతి, మార్పుల పట్టికతో కలిపి సమర్పించాలి. పట్టికలో ప్రతి మార్పుకూ కారణం ఉండాలి. ఇతరుల సలహాను తిరస్కరిస్తే దానికీ ఉండాలి. పత్రం రాసిన కొన్ని రోజుల తరవాత కాగితం మీద చూడాలి. ఒకసారి ఆర్టికల్స్, ఒకసారి కాలాలు, ఒకసారి పారిభాషిక పదాలు – విడివిడిగా చదవాలి. వెనకటి అచ్చాఫీసుల్లో ఒకరు మూలప్రతి పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు చూసేవారు. అదే పద్ధతిలో ఇద్దరు పరిశోధకులు ఒకరి పత్రాన్ని మరొకరు చదువుకోవాలి. ఎవరికి వారు తమకు తరచుగా వచ్చే దోషాల జాబితా రాసి పెట్టుకోవాలి. ముద్రారాక్షసాలు అందరివీ ఒక్కటి కావు.

దీనికి సమయం పడుతుంది. పర్యవేక్షకులపై భారం ఇప్పటికే ఎక్కువన్నది నిజం. అందుకే ఇందులో అధికభాగం సహాధ్యాయుల మధ్య జరగాలంటున్నాను. ఆంగ్లంలో తాము నిష్ణాతులం కామని సంకోచించే అధ్యాపకులు కూడా ‘ఈ మాట ఎందుకు మార్చావు?’ అని అడగగలరు. ఆ ప్రశ్నకు ఆంగ్ల పాండిత్యం అక్కరలేదు, విషయ జ్ఞానం కావాలి.

గురజాడ ‘దిద్దుబాటు’లో కమలిని భర్త తప్పును ఎత్తిచూపుతూ ఉపన్యాసం ఇవ్వదు, అతడు తన తప్పు తానే తెలుసుకునే పరిస్థితి కల్పిస్తుంది. మన తరగతి గది చేయవలసిందీ అదే. సదస్సు పత్రాలను సంపుటిగా వేస్తామని నిర్వాహకులు ప్రతి అడిగినప్పుడు, నా పాత చిత్తుప్రతిని పక్కన పెట్టుకొని మొదటి నుంచి చదివాను. ఆర్టికల్స్ విషయంలో సవరించినవారి మార్పులన్నీ ఉంచాను. ‘రిసీవ్డ్ టెక్స్ట్’ను, ‘మే హావ్ బీన్’ను తిరిగి వాటి స్థానాల్లో పెట్టాను. ఆ పని వేదిక ఎక్కకముందే చేయవలసింది. ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు. నా తరవాత వచ్చే పరిశోధకులకు మనం నేర్పవచ్చు.