జ్వరం తల్లికి, పస్తు బిడ్డకా?

వానలు మొదలయ్యాక ఊరూరా జ్వరాలే. ఇంట్లో బాలింతకు ఒళ్లు కాలిందంటే పెద్దవాళ్లు ముందుగా బిడ్డను ఆమె పక్కలోంచి తీసేస్తారు. 'జ్వరం పాలు తాగితే పిల్లాడికీ వస్తుంది' అంటూ డబ్బా పాలు కలుపుతారు. ప్రేమతో చేసే పనే, కానీ నష్టం జరిగేది అక్కడే. ఫ్లూ లాంటి వైరల్ జ్వరాల్లో తల్లికి ఒళ్లు వెచ్చబడక ముందే ఆమె నుంచి క్రిమి బయటికి వస్తుంటుంది. బిడ్డను దూరం పెట్టేసరికి సోకాల్సింది చాలాసార్లు సోకే ఉంటుంది. ఈలోగా తల్లి శరీరం ఆ క్రిమి మీద యాంటీబాడీలు తయారుచేసి పాలలోకి పంపుతుంది. అవి బిడ్డ గొంతులో, పేగుల్లో కాపలా కాస్తాయి. పాలు మాన్పిస్తే సరిగ్గా అవసరమైన రోజుల్లోనే ఆ రక్షణ పోతుంది. సీసా సరిగా మరగబెట్టకపోతే విరేచనాలు అదనం.

మరి పాలతోనే జబ్బు అంటుకోదా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఫ్లూ, కొవిడ్ ముఖ్యంగా తుంపర్లతో సోకుతాయి. అందుకే 2020లో అంత భయంలోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లులను మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వమనే చెప్పింది. మలేరియా, డెంగీ ప్రధానంగా దోమకాటుతో వస్తాయి కాబట్టి తల్లీబిడ్డలిద్దరినీ ఒకే దోమతెర కిందికి చేర్చాలి. మినహాయింపులు లేకపోలేదు. కఫంలో క్షయ క్రిములున్నప్పుడు, కాన్పు రోజుల్లోనే ఆటలమ్మ పోసినప్పుడు, రొమ్ము మీద హెర్పిస్ పొక్కులు లేచినప్పుడు డాక్టరు చెప్పినట్టే నడవాలి. అప్పుడు కూడా చాలాసార్లు పిండిన పాలు పట్టే వీలుంటుంది.

రొమ్ము ఎర్రబడి, గట్టిపడి వచ్చే చలిజ్వరం సంగతి వేరే చెప్పాలి. నొప్పికి తాళలేక పాలివ్వడం ఒక్కసారిగా ఆపేస్తే పాలు నిలిచిపోయి, చీముగడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ వాడుతూ ఆ వైపు కూడా ఎప్పటిలా పట్టడమే మేలు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు ఆ పాలతో హాని లేదు.

మందుల భయమూ అతిగానే ఉంది. పారాసిటమాల్ పాలలోకి చేరేది అతి కొద్దిగా. ఆస్పిరిన్ మాత్రం వద్దు. ఏ మందు కొన్నా 'బిడ్డకు పాలిస్తున్నాను' అని ముందే చెప్పాలి.

నీరసంగా ఉన్న మనిషి పాలెలా ఇస్తుందంటారు. నన్నడిగితే ఆ నీరసంలో సగం మనం పెట్టేదే. పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. జ్వరంలో ఒంట్లో నీరు ఆవిరైపోతుంటే పాలు తగ్గవా? తగ్గగానే 'పాలు పడటం లేదు' అని సీసా వస్తుంది. గంజి, మజ్జిగ, కాచిన నీళ్లు అడక్కుండానే అందించండి. పక్కకు తిరిగి పడుకునే పాలివ్వొచ్చు. తేన్పు తీయించడం, గుడ్డలు మార్చడం ఇంట్లో మిగతావాళ్లు చూసుకోవాలి. బిడ్డ చన్ను పట్టకపోయినా, మగతగా ఉన్నా, రెండు నెలలు నిండని పసికందుకు ఒళ్లు కాలినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తల్లికి ఆయాసం వచ్చినా, జ్వరం దిగకున్నా అంతే.