తెలుగు చెప్పడానికి డబ్బులెందుకట!

అమెరికాలో మనవాళ్ళకి ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. జావా చెప్పడం వృత్తి, తెలుగు చెప్పడం సేవ. అమీర్‌పేట మైత్రీవనంలో ఫీజు కట్టి మరీ ముందు వరసలో సీటు కోసం తోసుకున్న జనమే, పెద్దవాళ్ళకి తెలుగు నేర్పడానికి గంటకింత అని ఎవరైనా అడిగితే "అమ్మభాషకి కూడా రేటా?" అని ముఖం చిట్లిస్తారు.

పిల్లల బడుల సంగతి కాదు నేను చెప్పేది. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది, అక్కడ వాలంటీర్లు ఓపిగ్గా చెప్తున్నారు, వాళ్ళకి దణ్ణం. నా గొడవంతా పెద్దవాళ్ళకి నేర్పే పని గురించి. తెలుగమ్మాయిని చేసుకున్న అమెరికా అల్లుడున్నాడు. అక్కడే పుట్టి పెరిగి, ముప్పయ్యేళ్ళొచ్చాక అమ్మమ్మతో మాట్లాడాలనిపించిన మనవరాలుంది. వీళ్ళకి అఆలు పాటలా పాడిస్తే సరిపోదు.

అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ లెక్క చూడండి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడికి తెలుగు ఉద్యోగానికి పనికొచ్చేంత రావాలంటే 44 వారాలు, 1100 క్లాసు గంటలు! స్పానిష్‌కి అందులో చాలా తక్కువ చాలు. మనమేమో "మాట్లాడితే అదే వస్తుంది" అంటాం.

రాదు బాబూ. పెద్దవాడు ప్రశ్నలేస్తాడు. ఆమె వచ్చింది, కుక్క వచ్చింది, రెండిటికీ ఒకటే క్రియ ఎందుకు? మనం, మేము ఎప్పుడెప్పుడు? పుస్తకంలో "వచ్చాడు" అనుంది, తాండూరులో అత్తగారు "వచ్చిండు" అంటోంది, ఏది తప్పు? వీటికి "అదంతే" అనేవాడికి తెలుగు వచ్చు, అంతే. తెలుగు నేర్పడం రాదు. కోడ్ రాసేవాళ్ళంతా ట్రైనర్లు కారని మనకి వేరే ఎవరైనా చెప్పాలా?

మాది కోట్‌పల్లి. మా పెద్దనాన్న కూతురు ఎమ్మే ఇంగ్లీషు, బీఈడీ. తాండూరులో ఆరేళ్ళు పాఠాలు చెప్పింది. తాండూరంటే తెలుసుగా, కర్ణాటక సరిహద్దు. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, చుట్టాలింటికి పోతే కన్నడ. ఒక భాషలో మాట ఇంకో భాషలో ఎక్కడ అతుకుతుందో, ఎక్కడ అతకదో అక్కడివాళ్ళకి చెవిలోనే ఉంటుంది. పెళ్ళయి డాలస్ పోయాక మా అక్క వట్టి "హెచ్4 డిపెండెంట్". ఆ వీసా మీద సంపాదించకూడదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఫీజు తీసుకుని చెప్పినా పని కిందే లెక్క. 2015 మే నుంచి కొందరికి ఈఏడీ ఇస్తున్నారు, అదీ హెచ్1 ఉన్నవాళ్ళ ఐ-140 అప్రూవ్ అయితేనో, ఆరేళ్ళు దాటి పొడిగింపు దొరికితేనో.

చట్టం వద్దంది, సరే. మనవాళ్ళేమన్నారు? "ఖాళీగానే ఉన్నావుగా, మా ఆఫీసులో ఒకాయనకి కాస్త తెలుగు చెప్పు, నీకూ టైంపాస్." నాలుగేళ్ళకి ఈఏడీ వచ్చింది. అప్పుడూ అదే మాట!

యూనివర్సిటీల్లో ఉద్యోగాలు లేవా అంటారేమో. ఉన్నాయి, వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. వెల్చేరు నారాయణరావు గారు 1971లో విస్కాన్సిన్ వెళ్ళి దశాబ్దాల పాటు చెప్పారు. అలాంటి కుర్చీలు ఎన్నుంటాయి? మిగిలినవి ప్రైవేటు పాఠాలే. ఐటాకీ లాంటి చోట్ల ఎవరి రేటు వాళ్ళే పెట్టుకోవచ్చు. కానీ పక్కింటాయన ఉచితంగా చెప్తానని ముందుకొస్తే బీఈడీ చేసినావిడ డబ్బెలా అడుగుతుంది? పోనీ ఆయనైనా చివరిదాకా చెప్తాడా అంటే, మూడో వారానికి రిలీజ్ ఉందని మాయం. నేర్చుకునేవాడు తెలుగు చాలా కష్టమనుకుని వదిలేస్తాడు.

సేవ చెయ్యొద్దా అని కోప్పడకండి. చెయ్యండి, మీ పనితో చెయ్యండి. మీ ఊరి తెలుగు సంఘం వెబ్‌సైటు ఊరికే కట్టిపెట్టండి. ఆనక ఎవరైనా "ఎలాగూ కోడింగ్ వచ్చుగా, అతనికి టైంపాస్" అంటే ఎలా ఉంటుందో చూడండి. ఉగాది పండక్కి హాలుకీ భోజనాలకీ ఆర్కెస్ట్రాకీ డబ్బు దొరికే సంఘాలకి, పెద్దవాళ్ళ క్లాసొకటి పెట్టి టీచరుకి జీతం ఇవ్వడానికి మాత్రం దొరకదా?

అక్క ఇప్పుడు గంటకి 30 డాలర్లని పెట్టింది. ఇద్దరు చేరారు. బావ "మరీ ఎక్కువ పెట్టినవేమో" అంటున్నాడట. ఆయన క్లయింటుకి గంటకి ఎంత బిల్లవుతాడో అక్క ఇంకా అడగలేదు. అడగమని నేనే చెప్పాను :)