తప్పు టైరుదేనా?

2024 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున్న. ఆఫీసుకి బయల్దేరుతూ కారు రివర్స్ గేర్లో పెట్టానో లేదో, కిందనుంచి 'చర్ర్'మని పాత బట్ట చింపినట్టు చప్పుడు. ఏ ప్లాస్టిక్ కవరో టైరు కింద పడిందనుకుని దిగి చూశాను. కవరు కాదు. మూడు నెలల క్రితం పదకొండు వందల డాలర్లు పోసి వేయించిన గరాజ్ ఫ్లోర్! అరచేతి వెడల్పున రెండు ముక్కలు ముందు టైర్లకి అతుక్కుని, డ్రైవ్‌వే దాకా వచ్చేశాయి. లోపల బూడిద రంగు కాంక్రీటు నన్ను చూసి నవ్వుతోంది.

డాలస్ దగ్గర ఉండేవాళ్ళకి ఈ గరాజ్ ఫ్లోర్ పిచ్చి గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకోసం రెండు ముక్కలు. ఇక్కడ ఇల్లు కొన్న మనవాళ్ళు గృహప్రవేశం అయ్యాక ముందు బ్లైండ్స్ వేయిస్తారు, తర్వాత పెరట్లో ప్యాటియో, ఆ తర్వాత గరాజ్‌లో ఎపాక్సీ. గచ్చు మీద రంగు పూసి, పైన రంగురంగుల చిప్స్ చల్లి, అద్దంలా మెరిపిస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది. చెప్పులిప్పి నడవాలనిపిస్తుంది. నేనూ అలాగే పడిపోయాను.

సరే, ఆ రోజు కాంట్రాక్టరుకి ఫోన్ చేశాను. సమాధానం రెడీగా పెట్టుకున్నాడు. "అది హాట్ టైర్ పికప్ సార్. మీ టైర్లు వేడి మీదుండగా పార్క్ చేశారు. వారంటీలో రాదు" అన్నాడు. కాగితం తీసి చూస్తే నిజమే, చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. గొడుగు అమ్మి, వానలో వాడితే గ్యారంటీ లేదన్నట్టు! గరాజ్‌లోకి కారు కాకపోతే ఎడ్లబండి వస్తుందా?

ఈ టపా రాయడానికి కారణం ఆ కోపం కాదు, అది ఎప్పుడో చల్లారింది. మొన్న మా ఫ్రెండొకడు ఫోన్ చేసి "మామా, కొత్తింట్లో గరాజ్ చేయిస్తున్నా, టైర్లకి పాడవకుండా కింద ఏ మ్యాట్ వేస్తే మంచిది?" అనడిగాడు. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నే తప్పు. మనందరం టైరు నుంచి ఫ్లోర్‌ని ఎలా కాపాడాలా అని చూస్తున్నాం. ఆ ఫ్లోర్ కింద కాంక్రీటుని గట్టిగా పట్టుకుందా లేదా అని మాత్రం ఎవరూ అడగట్లేదు.

ముందు టైరు తప్పెంతో చూద్దాం. టెక్సస్ వేసవిలో మధ్యాహ్నం తారు రోడ్డు 60 సెల్సియస్ డిగ్రీలు దాటుతుంది. దాని మీద ముప్పై మైళ్ళు హైవేలో వచ్చిన టైరు, రోడ్డు వేడితో పాటు తనలో తాను నలిగే వేడితో కూడా కాగి ఉంటుంది. ఇటు చూస్తే, మామూలు వాతావరణంలో గట్టిపడే ఎపాక్సీలు సాధారణంగా 50, 60 డిగ్రీల చుట్టుపక్కల గాజులాంటి గట్టిదనం పోగొట్టుకుని మెత్తబడ్డం మొదలెడతాయి. అంటే వేడి టైరు కిందున్న పూత కాస్త మెత్తబడుతుంది. పైగా నాలుగు అరచేతులంత జాగాలో కారు బరువంతా ఉంటుంది. రాత్రికి టైరు చల్లారి ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ కింద పట్టుకున్నదాన్ని తనతో పాటు లాగుతుంది. పొద్దున్నే మనం కారు తీస్తాం. చర్ర్!

కాబట్టి టైరు లాగే మాట నిజమే. కానీ అదే వీధిలో, అదే ఎండలో, అవే టైర్లతో నాలుగేళ్ళుగా చెక్కుచెదరని ఫ్లోర్లు ఉన్నాయి. మరి వాళ్ళ టైర్లు లాగవా?

దీనికి జవాబు నాకు మా నాన్న చెప్పాడు. అప్పుడు అమ్మా నాన్నా ఇక్కడే ఉన్నారు. నాన్న సాఫ్టువేరు కాదు, కెమిస్ట్రీ కాదు. తెనాల్లో మా ఇల్లు దగ్గరుండి కట్టించుకున్న అనుభవం, అంతే. టైరుకంటిన ముక్క ఊడదీసి, వెనక్కి తిప్పి, బొటనవేలితో రాసి చూశాడు.

"ఏరా, దీనికి సిమెంటు అంటలేదేంటి?"

"అంటే ఏంటి నాన్నా?"

"గోడకి పెచ్చు ఊడితే వెనకాల ఇసకో సున్నమో అంటుకుని రావాలి కదరా. ఇది పళ్ళెం కడిగినట్టుంది. గీకకుండా పూసుంటాడు."

మొత్తం విషయం ఆ ఒక్క మాటలో ఉంది. మీ గరాజ్‌లో పూత ఊడితే చెయ్యాల్సిన మొదటి పని అదే, ముక్క తిప్పి చూడ్డం. వెనక కాంక్రీటు పొర అంటుకుని వస్తే పూత గట్టిగానే పట్టుకుంది, పైపొర కాంక్రీటే బలహీనం అని. నున్నగా వస్తే పూత అసలు పట్టుకోలేదని. అలా నున్నగా ఊడితే తప్పు టైరుది కాదు, పని చేసినవాడిది. టైరు ఆ సంగతి బయటపెట్టిందంతే. మనం రాసిన కోడ్‌లో బగ్ ఉంటే టెస్టర్ని తిడతామా? (తిడతాం లెండి, కానీ అది వేరే టపా :))

ఆ మధ్యాహ్నం ఊడిన చోట నాలుగు నీటి చుక్కలు వేశాను. తామరాకు మీద నీళ్ళలా గుండ్రంగా నిలబడ్డాయి. మామూలు కాంక్రీటయితే నిమిషంలో పీల్చుకుని నల్లబడాలి. అంటే బిల్డర్ గచ్చు పోసినప్పుడు కొట్టిన సీలర్ లాంటిదేదో పైన అలాగే ఉండిపోయింది. మా కాంట్రాక్టరు మనుషులు పొద్దున్నే వచ్చి యాసిడ్ పోసి, నీళ్ళతో కడిగి, మధ్యాహ్నానికల్లా రంగు పూసి వెళ్ళిపోయారు. యాసిడ్ పని చెయ్యాలంటే కాంక్రీటుకి తగలాలి కదా! పైన సీలరుంటే దాని మీంచి జారిపోతుంది. దానికి తోడు తడి పూర్తిగా ఆరకుండానే పూత పడింది.

ఇంకోటి మందం. నీళ్ళతో కలిపే చవక రకం కిట్ ఆరాక సుమారు 3 మిల్స్ ఉంటుంది. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంటే మనం కారు నిలబెడుతున్నది తలవెంట్రుకంత మందమున్న పొర మీద! నూటికి నూరుపాళ్ళు సాలిడ్స్ ఉండే ఎపాక్సీలో నీరూ సాల్వెంటూ ఆవిరయ్యేది ఉండదు కాబట్టి 10 మిల్స్ దాకా నిలబడుతుంది. రెండిటి పేరూ ఎపాక్సీయే. కొటేషన్లో కూడా అదే మాట రాస్తారు. ధరలో తేడా అక్కడే ఉంది.

"అయితే పాలీయాస్పార్టిక్ వేయిస్తే సరిపోతుందిగా?" అనేవాళ్ళున్నారు. అది మంచిదే, కాదనను. ఎండకి పచ్చబడదు, ఎపాక్సీ కంటే వేడికి బాగా ఆగుతుంది. గరాజ్ తలుపు దగ్గర ఎండ పడే అడుగు మేర ఎపాక్సీ పసుపురంగు తిరగడం మీరూ చూసే ఉంటారు. కానీ అది చాలా తొందరగా గట్టిపడుతుంది, మన ఎండల్లో మరీను. కాంక్రీటు రంధ్రాల్లోకి ఇంకే టైము తక్కువ. అందుకే కొందరు అడుగున ఎపాక్సీ వేసి పైన పాలీయాస్పార్టిక్ వేస్తారు. ఏది వేసినా, గీకని గచ్చు మీద వేస్తే అంతే సంగతులు.

మరి ఏం అడగాలి? నా లిస్టు ఇదీ:

1. డైమండ్ గ్రైండర్‌తో గీకుతారా, యాసిడ్‌తో సరిపెడతారా? గీకాక గచ్చు మీద చెయ్యి పెడితే సన్నటి గరుకు కాగితంలా తగలాలి. అమెరికాలో కాంక్రీట్ రిపేర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఈ గరుకుదనానికి నంబర్లు కూడా ఇచ్చారు. పల్చటి పూతలకి 2, 3 నంబర్లు అడుగుతారు. "ఏ నంబరు వరకు గీకుతారు?" అని ఒక్క ప్రశ్న వేసి అవతలివాడి మొహం చూడండి, సగం తెలిసిపోతుంది.

2. గ్రైండర్‌కి వాక్యూమ్ తగిలిస్తారా? ఇది మీ ఇల్లు దుమ్ము పట్టకుండా మాత్రమే కాదు. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులు పాడుచేస్తుంది. ఓషా 2016 లో దీని మీద గట్టి నిబంధనలే తెచ్చింది. మా ఇంటికొచ్చిన కుర్రాళ్ళు యాసిడ్ పొగలో మాస్కు లేకుండా పని చేశారు. నేను పక్కనే నిలబడి మంచినీళ్ళ సీసాలిచ్చాను గానీ, మాస్కేదని అడగలేదు. పూత ఊడినందుకంటే ఇప్పుడు అదే ఎక్కువ గుచ్చుకుంటోంది. చవక కొటేషన్లో మిగిలే డబ్బు ఎవరి ఒంట్లోంచి వస్తోందో ఆలోచించలేదు.

3. కిందనుంచి చెమ్మ వస్తోందా? ఇది మీరే చూసుకోవచ్చు. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటు గచ్చు మీద పెట్టి, నాలుగు అంచులూ టేపుతో మూసి, కనీసం 16 గంటలు వదిలెయ్యండి. తీసినప్పుడు కింద చెమ్మ కనపడితే పూతకి ఇంకా టైముంది. ఏఎస్‌టీఎం వాళ్ళ పరీక్షే ఇది, ఖర్చు ఒక డాలరు.

4. వేడి టైరుకి ఊడితే వారంటీ ఉందా? కాగితం మీద రాసిస్తారా?

ఇక ఇప్పటికే వేయించేసుకున్నవాళ్ళ సంగతి. కొత్త పూత మీద కారు పెట్టడానికి తొందరపడొద్దు. ఒక్క రోజులో నడవచ్చంటారు, కానీ నీళ్ళతో కలిపే కిట్లకి కారు కోసం మూణ్ణుంచి ఏడు రోజులు ఆగాలి. ఎండాకాలం హైవే మీంచి వచ్చిన రోజు కాసేపు డ్రైవ్‌వేలో నీడ పట్టున ఉంచి, చల్లారాక లోపల పెట్టుకోండి. కారు ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పొద్దు, అది పూతని మెలిపెట్టడమే.

మ్యాట్ వేస్తారా, ఏ మ్యాటో చూసి వెయ్యండి. మెత్తటి పీవీసీ మ్యాట్లలో, రబ్బరు మ్యాట్లలో కలిపే రసాయనాలు నెమ్మదిగా బయటికొచ్చి పూత మీద గోధుమరంగు మరక చేస్తాయి. టైరు మరక తప్పించుకోబోయి మ్యాట్ మరక తెచ్చుకున్నట్టవుతుంది. పాలీప్రొపిలీన్ పలకలతో ఈ గొడవ తక్కువ. అసలు టైర్ల కింద రెండు ప్లైవుడ్ ముక్కలు చాలు. అందంగా ఉండవంతే.

మన ఇళ్ళలో ఇంకో వేడి ఉంది, అదీ చెప్పాలి. దీపావళికి వానొస్తే పిల్లల్ని గరాజ్‌లో పెట్టి కాకరపువ్వొత్తులు కాల్పిస్తాం. ఆ నిప్పురవ్వ పడ్డచోటల్లా చిన్న గుంట. చేపల వేపుడికీ, బిర్యానీకీ గరాజ్‌లో ప్రొపేన్ స్టవ్. తలుపు మూసుకుని దాన్ని వెలిగించడం ప్రాణాలకే ప్రమాదం, ఫ్లోర్ సంగతి తర్వాత. స్టవ్ బయట పెట్టుకోండి బాబూ!

2025 మార్చిలో మాది మళ్ళీ చేయించాను. ఈసారి రెండు రోజులు. మొదటి రోజంతా గీకడమే. రంగు లేదు, మెరుపు లేదు, ఫోటో తీసి పెట్టుకోవడానికి ఏమీ లేదు. ముందుకంటే రెండున్నర రెట్లు ఖర్చయింది. ఒక టెక్సస్ వేసవి గడిచింది, ఎక్కడా ఊడలేదు. ఒక్క వేసవితో తీర్పు చెప్పెయ్యను గానీ, కారు తీసేటప్పుడు చెవులు రిక్కించడం మాత్రం మానేశాను.

మా ఫ్రెండుకి మ్యాట్ పేరు చెప్పలేదు. "ముందు నాలుగు నీటి చుక్కలు వేసి చూడరా" అన్నాను. గుండ్రంగా నిలబడ్డాయట. కొటేషన్ మీద సంతకం ఆపాడు.